జెర్సీ తీరంలో ఎండాకాలం చేపల వేట: పీతలా, బీచా, బోటా?

మృగశిర కార్తె వచ్చిన రోజు చేప ముక్క నోట్లో పడాలని మావైపు పట్టింపు. జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది కార్తె. సరిగ్గా ఆ రోజులకే ఇక్కడ న్యూజెర్సీలో ఫ్లూక్ అనే చేపల సీజన్ జోరందుకుంటుంది. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో దిగి ఉంటారు. పిల్లల స్కూళ్ళు మూయడానికి ఇంకో వారమో రెండు వారాలో ఉంటుంది. ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో "ఈ శనివారం ఫిషింగ్‌కి పోదామా?" అని పెడతారు. ఒకరు బీచ్ అంటారు, ఒకరు బోటు అంటారు, ఇంకొకరు "మా ఆఫీసులో ఒకాయన చార్టర్ బుక్ చేసుకోమంటున్నాడు" అంటారు. శుక్రవారం రాత్రి దాకా ఏదీ తేలదు. ఆఖరికి అందరూ శనివారం పదకొండు గంటలకి, ముందురోజు కొన్న రాడ్లతో బీచ్‌కి చేరతారు. మూడు గంటలు ఎండలో నిలబడి ఒక్క స్కేట్ చేపని పట్టి, దాన్నీ వదిలేసి, దారిలో ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ వంజరం కొనుక్కుని ఇల్లు చేరతారు.

రెండు వేసవులు నేనూ ఇదే చేశాను. అందుకే ముందే చెప్పేస్తున్నా. జులై, ఆగస్టుల్లో పట్టపగలు బీచ్ మీద గాలం వేయడం అన్ని పద్ధతుల్లోకీ కష్టమైనది. మనవాళ్ళందరూ మొదట చేసేదీ అదే.

శాండీ హుక్ నుంచి కేప్ మే దాకా అట్లాంటిక్ తీరం సుమారు 130 మైళ్ళు. దాని వెనకాల బేలు, ఉప్పునీటి కాలువలు, మధ్యలో సముద్రంలోకి తెరుచుకునే ఇన్‌లెట్లు. మా మావగారిది నరసాపురం. మొదటిసారి మానస్క్వాన్ ఇన్‌లెట్ చూడగానే "ఇది మొగ కదండీ అల్లుడుగారూ" అన్నారు. అవును, మొగే, నది సముద్రంలో కలిసే నోరు. రెండు పక్కలా రాళ్ళు పేర్చిన మొగ. చేప ఎక్కడుంటుందో ఆ ఒక్క మాటలోనే సగం ఉంది. నీళ్ళు వచ్చీపోయే చోట మేత ఉంటుంది, మేత ఉన్నచోట చేప ఉంటుంది. సాదా ఇసుక ముందు మధ్యాహ్నం పూట ఈ రెండూ తక్కువే.

ముందు తేల్చుకోవాల్సినవి

ఏ చేప పట్టాలన్నది తర్వాత. మొదటి ప్రశ్న, ఎవరు వస్తున్నారు? ఆరేళ్ళ పిల్లాడికి పావుగంటకి ఒకసారి ఏదో ఒకటి కదలాలి. డెబ్భై ఏళ్ళ పెద్దాయనకి కూర్చోవడానికి చోటు, దగ్గర్లో బాత్రూమ్ కావాలి. నలుగురు కుర్రాళ్ళయితే ఈ రెండూ అక్కర్లేదు.

రెండోది కడుపు. కారు వెనక సీట్లో ఫోన్ చూస్తే తిప్పేవాళ్ళకి బోటు మీద తిప్పడం దాదాపు ఖాయం. మోమాటపడకుండా ముందే అడగండి.

మూడోది టైము. ఎడిసన్ నుంచి బెల్మార్ మామూలు రోజు ముప్పావు గంట. జులైలో శనివారం పొద్దున తొమ్మిది తర్వాత గార్డెన్ స్టేట్ పార్క్‌వే ఎక్కితే ఎంతో చెప్పలేం. పైగా శాండీ హుక్, ఐలండ్ బీచ్ స్టేట్ పార్క్ లాంటివి పార్కింగ్ నిండగానే గేటు మూసేస్తాయి. వేసవి వీకెండ్లలో ఇది మామూలే. తెల్లవారుజామున బయల్దేరగలరా, లేక మీ బ్యాచ్‌లో ఎనిమిదింటికి కాఫీ తాగే మనుషులున్నారా అన్నది పద్ధతినే మార్చేస్తుంది.

నాలుగోది, ఇంటికి ఏం తేవాలి? సరదా చాలా, పులుసు కావాలా? పులుసే కావాలంటే కొన్ని పద్ధతులు మొదట్లోనే కొట్టుకుపోతాయి.

డబ్బు ఐదోది. దాని సంగతి ఒక్కో పద్ధతి దగ్గర చెబుతాను.

కాగితాలు, కొలతలు

న్యూజెర్సీలో ఉప్పునీటి చేపలకి లైసెన్సు కొనక్కర్లేదు. కానీ 16 ఏళ్ళు నిండినవాళ్ళు రాష్ట్రం వారి సాల్ట్‌వాటర్ రిజిస్ట్రీలో ఏటా పేరు నమోదు చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారు రాడ్ పట్టుకున్నా ఆయన పేరు కూడా ఉండాలి. పార్టీ బోటు (మనిషికింతని టికెట్ కొని పదిమందితో ఎక్కేది), చార్టర్ బోటు (మొత్తం మనమే మాట్లాడుకునేది) ఎక్కేవాళ్ళకి ఇది అక్కర్లేదు, బోటు వాళ్ళే చూసుకుంటారు.

కొలతలు మాత్రం ఎవరికైనా ఒకటే. ఫ్లూక్ అంటే నేలకి అతుక్కుని బతికే బల్లపరుపు చేప, రెండు కళ్ళూ ఒకే వైపు ఉంటాయి. ఇటీవలి సీజన్లలో దీనికి సముద్రం వైపు 18 అంగుళాలు ఉండాలి, మనిషికి మూడు. ఐలండ్ బీచ్ స్టేట్ పార్క్ ఒడ్డు నుంచి పడితే 16 అంగుళాలు, రెండు. చారల బాస్ చేప 28కీ 31 అంగుళాలకీ మధ్య ఉన్నదే ఉంచుకోవాలి, అదీ ఒక్కటే. దానికి ఎర గుచ్చి వేస్తే సర్కిల్ హుక్ (కొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం) తప్పనిసరి. ఈ లెక్కలు ఏటేటా మారతాయి కాబట్టి బయల్దేరే ముందురోజు రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఆ ఏటి పట్టిక చూసుకోండి.

మా మావగారికి ఈ కొలత టేపు కొన్నాళ్ళు మింగుడు పడలేదు. పదిహేడున్నర అంగుళాల ఫ్లూక్‌ని డెక్‌హ్యాండ్ (బోటు మీద పనిచేసే కుర్రాడు) నీళ్ళలోకి జారవిడుస్తుంటే "అరంగుళానికా?" అని నా వైపు చూశారు. మధ్యాహ్నం దాకా ఆయన ముఖంలో ఆ అరంగుళం కనిపిస్తూనే ఉంది. అరంగుళమైనా వదలాల్సిందే. పట్టుబడితే ఫైన్ చేపకి ఇంతని పడుతుంది.

పీతలు: నా మొదటి ఓటు

కుటుంబంతో వెళ్ళేవాళ్ళు ఇక్కడే ఆగిపోయినా నష్టం లేదు. బే వైపు ఏదో ఒక పబ్లిక్ డాక్, చిన్న వంతెన, చెక్క గట్టు. కావాల్సింది పురికొస, చికెన్ లెగ్, పొడుగు కర్రకి కట్టిన వల. ముడుచుకునే వైరు ట్రాపులు బెయిట్ షాపుల్లో దొరుకుతాయి, కానీ పిల్లలకి పురికొసలోనే మజా ఉంది.

చికెన్ లెగ్‌కి ముడి వేసి అడుగుదాకా వదలాలి. కొస చివర వేలికి చుట్టుకోవాలి. కాసేపటికి కొస బిగుస్తుంది, పక్కకి నడుస్తుంది. అప్పుడు లాగకూడదు. అంగుళం, ఆగు. అంగుళం, ఆగు. నీళ్ళలో ముందు తెల్లగా చికెన్ కనబడుతుంది, తర్వాత దాన్ని కౌగిలించుకున్న నీలం డెక్కలు. పైకి తేలిస్తే పీత వదిలేసి పోతుంది. కాబట్టి రెండో మనిషి వలని దూరంగా దించి, కింద నుంచి తేవాలి. మావాడు ఏడేళ్ళప్పుడు మొదటి పీతకి ఊపిరి బిగబట్టి రెండు నిమిషాలు లాగాడు. వల పట్టుకున్న వాళ్ళమ్మ కంగారులో పీత నెత్తిమీదే వల వేసింది. ఇద్దరూ ఆ రోజంతా మాట్లాడుకోలేదు.

ఇక్కడి నీలం పీతకి ముళ్ళ కొన నుంచి కొనకి నాలుగున్నర అంగుళాలు ఉండాలి. కడుపు కింద నారింజ రంగు స్పాంజిలా గుడ్లు మోస్తున్న ఆడపీతని వదిలేయాలి. గుడ్డు పీతని నీళ్ళలో వేయడం గోదావరి మనిషికి ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను. కొసలతో, ముడుచుకునే ట్రాపులతో పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. డెక్కలు కొట్టకుండా వెనక కాళ్ళ దగ్గర పట్టుకోవాలి. బకెట్ నీళ్ళలో వేస్తే ఊపిరాడక చచ్చిపోతాయి. బుట్టలో వేసి తడి గోనెపట్టా కప్పి, నీడలో పెట్టండి. చచ్చిన పీతని వండొద్దు.

ఒక్క హెచ్చరిక. జెర్సీ సిటీ, బయోన్, ఎలిజబెత్ వైపు ఉండేవాళ్ళకి దగ్గరున్న నీళ్ళు కదా అనిపిస్తుంది. నూవార్క్ బే, పసేయిక్, హాకెన్‌సాక్ నదుల దిగువ భాగం, ఆర్థర్ కిల్, కిల్ వాన్ కల్, ఇక్కడెక్కడా పీతలు పట్టకూడదు, తినకూడదు. పాత ఫ్యాక్టరీల డయాక్సిన్ ఆ బురదలో ఇంకా ఉంది. ఉడికిస్తే పోయేది కాదది. కారు దక్షిణం వైపు తిప్పండి. షార్క్ రివర్, బార్నెగాట్ బే, ఇంకా కిందకి.

ఆగస్టు, సెప్టెంబరు పీతలు బరువుగా ఉంటాయి. జూన్‌లో వెళ్తే డెక్కల్లో నీళ్ళే ఎక్కువ. ఇక్కడ చిన్న చిక్కు ఉంది. ఆగస్టంటే సగం ఇళ్ళలో శ్రావణమాసం. మా ఇంట్లో ఈ విషయం మీద ప్రతి ఏడూ ఒక సమావేశం జరుగుతుంది, తీర్పు మా అత్తగారిది.

గట్టు మీద నుంచి: పీతల తర్వాతి మెట్టు

ఇన్‌లెట్ గోడలు, బే వైపు పియర్లు. ఏడడుగుల మీడియం రాడ్, స్పిన్నింగ్ రీల్ ఉంటే చాలు, రెండూ కలిపి అరవై నుంచి వంద డాలర్లలో మంచివే వస్తాయి. అవే రాడ్లు తర్వాత పార్టీ బోటుకీ పనికొస్తాయి.

ఆగస్టు వచ్చిందంటే బ్లూఫిష్ పిల్లలు, ఇక్కడివాళ్ళు స్నాపర్లంటారు, గుంపులు గుంపులుగా బేల్లోకి వస్తాయి. బెండు కట్టి, చిన్న స్పియరింగ్ చేపని ఎరగా గుచ్చి వదిలితే పిల్లలకి పండగే. బెండు గబుక్కున మునుగుతుంది, పిల్లాడు కేకేస్తాడు. జానెడు చేపే అయినా పళ్ళు చురుకు. కొక్కెం మీరే తీయండి. ఇవీ బ్లూఫిష్ కోటా లెక్కలోకే వస్తాయని మర్చిపోవద్దు.

పెద్దవాళ్ళకి ఇక్కడ ఫ్లూక్ కూడా దొరుకుతుంది, కానీ పోటు టైము చూసుకుని వెళ్ళాలి. నీళ్ళు కదులుతున్నప్పుడే ఫ్లూక్ తింటుంది. పోటు మొదలయ్యాక సముద్రపు నీళ్ళు తేటగా లోపలికి వస్తున్న రెండు మూడు గంటలు మంచివి. నీళ్ళు నిలబడిపోతే మీరు శాండ్‌విచ్ తినొచ్చు. రోజూ పోటు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, కాబట్టి పోయిన ఆదివారం ఏడింటికి చేప పడిందని ఈ ఆదివారం ఏడింటికే వెళ్తే పడదు. మా మావగారు యాప్ చూడరు. గోడకి అంటిన తడి చార చూసి "ఇంకో గంటలో పోటు తిరుగుతుందండి" అంటారు. నేను యాప్ తీసి చూస్తే పది నిమిషాలు తేడా ఉంటుంది.

రాళ్ళ మీద పాకుడు ప్రమాదం. నీళ్ళు తగిలే నల్లటి రాయి మీద మామూలు బూట్లతో అడుగు పెట్టొద్దు. పిల్లల్నీ పెద్దల్నీ రాళ్ళ జెట్టీ ఎక్కించొద్దు, రెయిలింగ్ ఉన్న గట్టు చూసుకోండి.

బీచ్ నుంచి: అందంగానే ఉంటుంది

అలల ముందు పదడుగుల రాడ్ ఇసుకలో గుచ్చి, కుర్చీలో వాలి సూర్యోదయం చూడటం. ఫొటోకి దీన్ని మించింది లేదు. చేపకి మాత్రం ఓపిక కావాలి.

ఎందుకంటే ఎండ పెరిగేకొద్దీ ఒడ్డు దగ్గర చేప పల్చబడుతుంది, జనం చిక్కబడతారు. లైఫ్‌గార్డులు డ్యూటీ ఎక్కాక ఈతకొట్టే చోట గాలం వేయనివ్వరు. పెద్ద చారల బాస్‌లు జూన్ సగానికల్లా ఉత్తరానికి, చల్లటి నీళ్ళకి వెళ్ళిపోతాయి. మిగిలేవి కింగ్‌ఫిష్, చిన్న ఫ్లూక్‌లు, స్కేట్లు, రాత్రయితే షార్కులు. కింగ్‌ఫిష్ అనగానే మనకి వంజరం గుర్తొస్తుంది, ఇండియన్ స్టోర్ లేబుల్ పుణ్యమా అని. ఇది ఆ చేప కాదు. అడుగు అటూఇటూ ఉండే చిన్న చేప, రుచి బాగుంటుంది. అసలు వంజరానికి దగ్గరి చుట్టం స్పానిష్ మాకెరెల్. ఆగస్టు, సెప్టెంబరుల్లో అది కూడా జెర్సీ నీళ్ళలోకి వస్తుంది, బోటు ఉన్నవాళ్ళకి ఎక్కువ చిక్కుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నైరుతి గాలి వరసగా నాలుగైదు రోజులు వీస్తే ఒడ్డు దగ్గరి వెచ్చటి పైనీళ్ళు సముద్రం లోపలికి కొట్టుకుపోయి, అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకి వస్తాయి. బయట తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, నీళ్ళలో కాలు పెడితే జివ్వుమంటుంది. రెండు రోజుల్లో పది పదిహేను డిగ్రీలు పడిపోతుంది. ఆ వారం ఫ్లూక్‌లు నోరు మూసుకుంటాయి. గాలి పడమటికి తిరిగిందా, అప్పుడు ఉప్పుగడ్డి భూముల నుంచి గ్రీన్‌హెడ్ ఈగలు వస్తాయి. జులైలో ఇవి కుడితే దోమ కాటు ముద్దులా అనిపిస్తుంది.

అయినా బీచే కావాలంటే పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, లేదా సాయంత్రం ఏడు దాటాక వెళ్ళండి. సాయంత్రం చాలా ఊళ్ళలో బీచ్ బ్యాడ్జ్ (బీచ్‌లోకి వెళ్ళే టికెట్) అడిగేవాళ్ళు కూడా ఉండరు. దూరంగా విసరాలన్న పట్టుదల వద్దు. మొదటి అలకీ ఇసుక దిబ్బకీ మధ్య గుంటలోనే కింగ్‌ఫిష్ తిరుగుతుంది, ముప్పై నలభై అడుగులు చాలు. శాండ్‌బార్ షార్క్ తగిలితే అది పట్టకూడని జాతి. ఒడ్డుకి ఈడ్చి ఫొటోలు దిగకుండా నీళ్ళలోనే దారం కోసి వదిలేయండి. మధ్యాహ్నం దూరంగా ఉరుము వినబడితే రాడ్ కింద పెట్టి కారెక్కండి. కార్బన్ రాడ్ పట్టుకుని ఖాళీ బీచ్‌లో నిలబడటమంటే పిడుగుని పిలవడమే.

అక్టోబరు, నవంబరుల్లో ఇదే బీచ్ వేరే లోకం. అది ఇంకోసారి.

పార్టీ బోటు: ఫ్లూక్ తినాలంటే ఇదే

అట్లాంటిక్ హైలాండ్స్, బెల్మార్, పాయింట్ ప్లెజెంట్ బీచ్, బార్నెగాట్ లైట్, కేప్ మే. ఈ రేవుల నుంచి రోజూ బోట్లు వెళ్తాయి. రిజర్వేషన్ లేకుండా వెళ్ళి టికెట్ కొనుక్కునేవి ఎక్కువ. పూటకి మనిషికి సుమారు డెబ్భై నుంచి వంద డాలర్లు, రాడ్ అద్దె కొంచెం, డెక్‌హ్యాండ్‌కి టిప్పు వేరే. ఎర వాళ్ళిస్తారు. చేపని కొక్కెం నుంచి తీసేది, చిక్కులు విప్పేది, కొలిచేది కూడా వాళ్ళే. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇంత తక్కువ డబ్బుకి ఇంత నేర్పే చోటు లేదు.

ఇంజన్ ఆపి బోటుని గాలికీ నీటికీ వదిలేస్తారు. మీ సీసపు గుండు అడుగున ఇసుకలో ఈడ్చుకుంటూ పోతుంది. అడుగు తగులుతోందా లేదా అని వేలితో దారం తెలుసుకుంటూ ఉండటమే పని. ఇక్కడే మనవాళ్ళు ఒక తప్పు చేస్తారు, నేనూ చేశాను. టక్ మని తగలగానే ఒక్క గుంజు గుంజుతారు. ఫ్లూక్ ముందు ఎర తోక పట్టుకుంటుంది, తర్వాత మింగుతుంది. తగలగానే రాడ్ కొన దించాలి, రెండు మూడు లెక్కపెట్టాలి, బరువు తెలిశాక మెల్లగా ఎత్తాలి. నా మొదటి ట్రిప్పులో పదకొండు సార్లు గుంజి పదకొండు ఎరలు పోగొట్టుకున్నాను. పక్కన నిలబడ్డ పెద్దాయన చివరికి నా రాడ్ మీద చెయ్యి వేసి ఆపాడు.

రెక్కలున్న చేప పైకొచ్చి కప్పలా గురగురమంటే భయపడకండి, అది సీ రాబిన్. అందరూ విసుక్కుని వదిలేస్తారు. తలమీద ముళ్ళు జాగ్రత్త. తోక మాంసం వేపుడుకి భేషుగ్గా ఉంటుంది, నా మాట నమ్మండి.

లోటుపాట్లు కూడా చెప్పాలి. నలభై యాభై మంది వరసగా నిలబడతారు, దారాలు పెనవేసుకుంటాయి. అందరూ పట్టేవి ఎక్కువ, ఉంచుకునేవి తక్కువ. ఇరవై ఫ్లూక్‌లు పట్టి ఒక్కటి కొలతకి వచ్చిన రోజులున్నాయి. కడుపులో తిప్పితే మధ్యలో దింపరు. ముందురోజు రాత్రి ఒకటి, బయల్దేరే గంట ముందు ఒకటి మెక్లిజైన్ లాంటి మాత్ర చాలామందికి పనిచేస్తుంది. ఇతర మందులు వాడే పెద్దవాళ్ళు డాక్టర్ని అడిగాకే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. కేబిన్‌లోకి వెళ్ళి పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. బయట, బోటు మధ్యలో నిలబడి దూరపు గీత చూస్తూ ఉండాలి. పొద్దున ఇడ్లీ పరవాలేదు, పూరీ వద్దు.

అరటిపండ్లు తీసుకెళ్ళొద్దు. బోటులో అరటిపండు ఉంటే చేప పడదని ఇక్కడి వేటగాళ్ళ గట్టి నమ్మకం. మా మిత్రుడొకడు డజను తెచ్చాడు. డెక్‌హ్యాండ్ నవ్వుతూనే తీసుకుని రేవులో వదిలేసి వచ్చాడు. పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగే మనకి ఇది అర్థం కాని విషయమేం కాదు.

చార్టర్ బోటు: ఆరుగురుంటేనే

మామూలు చార్టర్ కెప్టెన్ లైసెన్సు మీద ఎక్కించేది ఆరుగురిని. బోటు మొత్తం మీదే. పూటకి ఏడెనిమిది వందల నుంచి వెయ్యి పైన, టిప్పు 15 నుంచి 20 శాతం. ఆరుగురు పంచుకుంటే మనిషికి సుమారు నూట యాభై, రెండు వందలు. పిల్లలకి విసుగొస్తే కెప్టెన్ తిప్పేస్తాడు, చేప పడకపోతే చోటు మారుస్తాడు. నాన్నగారి షష్టిపూర్తి, స్నేహితుడి పెళ్ళికి ముందు వారం లాంటి సందర్భాలకి సరిగ్గా సరిపోతుంది.

ఆరుగురూ ఆరు రకాలుగా అనుకుని ఎక్కితేనే గొడవ. ఒకరికి ఫ్లూక్, ఒకరికి సీ బాస్, ఒకరికి ఊరికే బీరు. బుక్ చేసేముందే కెప్టెన్‌కి ఒక్క మాట చెప్పండి. గాలికి రద్దయితే అడ్వాన్స్ సంగతేంటో కూడా అడగండి. ట్యూనా కోసం హడ్సన్ కాన్యన్ దాకా వెళ్ళే ట్రిప్పులు దీని తాహతు కాదు. ఎనభై మైళ్ళ పైన సముద్రంలోకి, రాత్రంతా, వేల డాలర్లు. మొదటిసారికి అటు చూడొద్దు.

ఒక్క చూపులో

| | ఎవరికి | సుమారు ఖర్చు | ఏ టైముకి | ఇంటికి కూర వస్తుందా |
|---|---|---|---|---|
| పీతలు | పిల్లలు, పెద్దలు, అందరూ | ఇంటిల్లిపాదికీ 20–40 డాలర్లు | ఆగస్టు, సెప్టెంబరు | చాలాసార్లు |
| గట్టు, పియర్ | పదేళ్ళు దాటిన పిల్లలు (స్నాపర్లకయితే చిన్నవాళ్ళూ), ఓపికున్న పెద్దలు | రాడ్‌కి 60–100, తర్వాత ఎర ఖర్చే | పోటు వస్తున్నప్పుడు | ఒకోసారి |
| బీచ్ | ఒంటరిగా ఉండాలనుకునేవాళ్ళు, తెల్లారగట్ల లేచేవాళ్ళు | పొడుగు రాడ్‌కి 120 పైన | తెల్లవారుజాము, సాయంత్రం | అరుదుగా |
| పార్టీ బోటు | కడుపు గట్టివాళ్ళు, నేర్చుకోవాలనుకునేవాళ్ళు | మనిషికి 70–100, టిప్పు | సీజన్ అంతా, గాలి లేని రోజు | సగం సగం |
| చార్టర్ | ఆరుగురి బృందం, ప్రత్యేక రోజు | మనిషికి 150–200, టిప్పు కలిపి | వారం మధ్యలో దొరికితే మేలు | ఎక్కువసార్లు |

మీ ఇంటి లెక్క

పదేళ్ళలోపు పిల్లలుంటే పీతలు, ఆగస్టయితే స్నాపర్లు. వాళ్ళని పార్టీ బోటు ఎక్కించొద్దు. నాలుగు గంటలు దిగడానికి లేని చోట మొదటి గంటలోనే "ఇంటికెప్పుడు?" మొదలవుతుంది.

ఊరి నుంచి వచ్చిన పెద్దలయితే, ఆయనకి చేపలతో పరిచయం ఉందా లేదా చూడండి. ఉంటే గట్టు మీదకి తీసుకెళ్ళండి, ఆయనే మీకు నేర్పుతారు. మోకాళ్ళు సరిగా ఉండి, సముద్రం నిమ్మళంగా ఉన్న రోజయితే పార్టీ బోటు. గాలి పదిహేను నాట్‌లు దాటుతుందని మెరైన్ ఫోర్‌కాస్ట్ చెబితే టికెట్ డబ్బులు చూసుకోకుండా మానేయండి.

రూమ్మేట్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు నేరుగా పార్టీ బోటుకి వెళ్ళండి. ఒక పూట డెక్‌హ్యాండ్ చేతులు చూస్తే పది వీడియోల పాఠం వచ్చేస్తుంది. తర్వాత రాడ్ కొనుక్కోండి. రాడ్ ముందు కొని తర్వాత నేర్చుకుందామనుకున్నవాళ్ళ గరాజుల్లో రాడ్లు చూశాను.

వారమంతా మీటింగుల్లో నలిగి, ఎవరితోనూ మాట్లాడకుండా రెండు గంటలు ఉండాలనిపించినవాళ్ళకి మాత్రం బీచ్. చేప సంగతి ఎత్తొద్దు.

శనివారం తినని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి కాబట్టి ఆదివారం పొద్దున ట్రిప్పు పెట్టుకుంటే అదే మధ్యాహ్నం వండుకోవచ్చు. ఐసు మర్చిపోవద్దు. బ్లూఫిష్ పడితే అక్కడికక్కడే మొప్పలు కోసి రక్తం కార్చి ఐసులో పెట్టాలి, లేకపోతే సాయంత్రానికి వాసన పట్టుకుంటుంది. సరిగ్గా చూసుకున్న బ్లూఫిష్ చింతపండు పులుసుకి పుట్టినట్టే ఉంటుంది, నూనె ఉన్న చేప కదా. ఫ్లూక్ ముక్క పులుసులో కరిగిపోతుంది, దాన్ని వేపుడుకి ఉంచండి.

బోటు తిరిగొచ్చేటప్పుడు డెక్‌హ్యాండ్లు చేపలు కోసిపెడతారు. రెండు వైపులా కండ తీసి సంచిలో వేసి, తలా ముల్లూ సముద్రంలోకి విసిరేయడం వాళ్ళ అలవాటు. కత్తి పెట్టకముందే చెప్పాలి, తల కావాలని. మొదటిసారి నేను చెప్పేలోపే రెండు తలలు సీగల్స్ పాలయ్యాయి. మూడోదానికి మా మావగారు చెయ్యి అడ్డం పెట్టేశారు. భాష రాకపోయినా ఆ కుర్రాడికి అర్థమైంది. నవ్వి, పక్కవాళ్ళు వద్దన్న తలలు కూడా ఏరి మా సంచిలో వేశాడు. ఇంటికొచ్చి లెక్కపెడితే చేపలు మూడు, తలలు ఎనిమిది.